గోప్యత ఎవరికి అవసరం?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు కేటాయించారు. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో పదిహేను నిమిషాలలో ముగిసిన మీటింగును నేను చూడలేదు. అయినా ప్రయత్నిస్తాను. మన సమావేశాలలో మామూలుగా డి.ఏ. బకాయిలు, ఆరోగ్య కార్డులు, పింఛను సవరణల గురించి మాట్లాడుకుంటాం. ఆ సంగతులు నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు. నేను వేరొక విషయం మనవి చేయదలచాను.

ఈ మధ్య లైఫ్ సర్టిఫికెట్ కోసం వెళ్ళాను. నా వేలి గీతలు అరిగిపోయాయి కాబోలు, మిషను మూడుసార్లు నన్ను నేను కాదన్నది. వెనుక నిలబడిన పాత మిత్రుడు నవ్వి, "మన వేళ్ళు, కళ్ళు, పేర్లు అన్నీ వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఉంటే ఏమయింది? తప్పు చేయనివాడికి దాచుకోవలసింది ఏముంటుందండీ?" అన్నారు. నేనూ నవ్వాను. కాని ఇంటికి వచ్చిన తరువాత ఆ మాట నన్ను వదలలేదు. దానికి నా జవాబే ఈనాటి ప్రసంగం.

మనవంటివారి విషయంలో మా మిత్రుని మాట చాలావరకు నిజమే. మన పేరు, ఊరు, తండ్రి పేరు, చేసిన ఉద్యోగం, తీసుకునే పింఛను పదిమందికీ తెలిసినా మన మర్యాదకు లోటు రాదు. ఇంటికి వచ్చినవారు కుర్చీలోనే కూర్చోబెడతారు. ఒక్క సంగతి బయటపడితే అద్దె ఇల్లు పోయేవారు, కుదిరిన సంబంధం తప్పిపోయేవారు, పనిలోనుండి తీసివేయబడేవారు ఈ దేశంలో లక్షలమంది ఉన్నారు. దాచుకోవలసింది ఏముంటుంది అన్న ప్రశ్నను వారిని అడగాలి, మనను మనం అడుగుకుంటే చాలదు.

ఆఫీసులో పనిచేసినవారికి ఇది తెలియని సంగతి కాదు. అధికారుల వార్షిక రహస్య నివేదికలు ఎక్కడ ఉండేవి? బీరువాలో, సీల్డు కవరులో, తాళం వేసి. ఫలానా ఆఫీసరుగారి గురించి పైవారు రెండు చెడ్డ మాటలు రాస్తే ఆ కాగితం అటెండరు కంట కూడా పడరాదు. గౌరవం అనేది ఒక కాగితంతో పోతుందని పెద్ద ఉద్యోగులకు బాగా తెలుసు. అదే ఆఫీసులో, అదే చేతులతో, పేదవారి సంగతులు మనం ఎలా రాశామో, ఎక్కడ అంటించామో చెప్పడానికి నా తప్పు ఒకటి మీముందు పెడతాను.

1990ల మొదట్లో నేను తెలంగాణలో ఒక మండల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. జోగిని దురాచారాన్ని నిషేధిస్తూ 1988లో మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. చిన్ననాడే దేవత పేరుమీద అర్పించి, ఆ మీద ఊరి పెద్దల పాలు చేసిన ఆడవారికి ఏదో ఒక ఆధారం చూపాలని ఇళ్ళ స్థలాలు ఇవ్వడానికి పైనుండి ఉత్తర్వు వచ్చింది. మంచి ఉత్తర్వు. లబ్ధిదారుల పేర్లు ప్రకటించి అభ్యంతరాలు ఆహ్వానించాలని అందులో ఉన్నది. జాబితా తయారుచేసే పని నాది.

నేను శ్రద్ధగానే చేశాను. స్కేలుపెట్టి గీతలు గీశాను. వరుస సంఖ్య, పేరు, తండ్రి లేక భర్త పేరు, కులం, వయస్సు, ఇంటి నంబరు. చివర రిమార్కులు అనే కాలమ్. భర్త పేరు దగ్గర అడ్డగీత పెట్టి, రిమార్కుల కింద ప్రతి పేరుకూ ఎదురుగా "జోగిని" అని స్పష్టంగా రాశాను. నా దస్తూరీ బాగుంటుందని మా ఆఫీసులో పేరు. అటెండరు జిగురు పూసి నోటీసు బోర్డుకు అంటించాడు. బోర్డుకు ఎదురుగానే బస్సులు ఆగే చోటు.

వారం దాటిన తరువాత ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళు ఉంటాయేమో. గుమ్మం దగ్గరే నిలబడి, "సారూ, ఆ కాయితం తీసెయ్యున్రి. నాకు జాగ వద్దు, ఏమొద్దు. నా బిడ్డ బడికి పోతలేదు" అన్నది. కూతురు పదో తరగతి. తోటి పిల్లలు బోర్డు చదివి, ఆ పిల్లను తల్లి పేరుతో కాక ఆ మాటతో పిలవడం మొదలుపెట్టారట.

నేను ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉన్నది. "ఇందులో మేము కొత్తగా చెప్పింది ఏమున్నదమ్మా, ఊరందరికీ తెలిసిన సంగతే కదా" అన్నాను. ఆమె నన్ను చూసి, "ఎరికుండుడు వేరు సారూ, గోడకు రాసుడు వేరు" అన్నది.

ఆ సాయంత్రం సూపరింటెండెంటుగారికి చెప్పి కాగితం తీసివేయించాను. అప్పటికి అది ఎనిమిది రోజులు బోర్డుమీద ఉన్నది. పట్టాల పంపిణీ రోజున ఆమె రాలేదు. ఆమె పట్టా ఫైలులోనే ఉండిపోయింది. తరువాత నేను బదిలీ అయి వచ్చేశాను. ఆ పిల్ల తిరిగి బడికి వెళ్ళిందో లేదో నాకు తెలియదు.

బదిలీకి ముందు ఒకనాడు ఆ ఉత్తర్వు తీసి మళ్ళీ చదివాను. పేర్లు ప్రకటించమని ఉన్నదే కాని, రిమార్కుల కాలమ్ పెట్టమని అందులో ఎక్కడా లేదు. అది నేను, స్పష్టత కోసం, సొంతంగా కలిపినది. ప్రభుత్వం స్థలం ఇద్దామనుకున్నది. నా కాలమ్ ఆ స్థలాన్ని ఆమెకు దక్కకుండా చేసింది. గోప్యత లేకపోతే సహాయం కూడా దెబ్బ అవుతుందని నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు.

మిత్రులారా, నా తప్పు చిన్నది. చరిత్రలో ఇటువంటి రిజిస్టర్లు పెద్దవే ఉన్నాయి. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఒక మనిషి దొంగతనం చేశాడా లేదా అన్నది ప్రశ్న కాదు. ఫలానా తెగలో పుడితే చాలు, పేరు రిజిస్టరులోకి ఎక్కేది. ఎప్పుడు ఎక్కడ ఉన్నదీ చెప్పాలి, హాజరు వేయించుకోవాలి. మన బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ విధానంలో ఎరుకల కుటుంబాలకోసం ఏర్పడిన సెటిల్మెంటే. చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. రిజిస్టరు పోయింది కాని, దానితో వచ్చిన పేరు అంత తొందరగా పోలేదు. ఆ ఊరినుండి చదువుకుని వచ్చిన బిడ్డలు సొంత ఊరి పేరు చెప్పడానికి సందేహించవలసిన పరిస్థితి తరాల తరబడి నడిచింది.

హైదరాబాదు సంగతి మరీ దగ్గరిది. నిజాం పాలనలో, 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, హిజ్రాలపై ఒక చట్టం చేశారు. నగరంలో ఉండే హిజ్రాల పేర్లు, నివాసాలు రిజిస్టరులో రాయాలి. ఆడవారి దుస్తులలో కనిపించినా, బహిరంగంగా పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నిజాం వెళ్ళాడు, హైదరాబాదు రాష్ట్రం వెళ్ళింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ ఏర్పడింది. ఆ చట్టం మాత్రం పుస్తకాలలో అలాగే ఉండిపోయింది. చివరకు 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు, ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి గార్ల ధర్మాసనం, అది సమానత్వానికి, గోప్యతకు, గౌరవానికి విరుద్ధమని కొట్టివేసింది.

అదే తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను వర్తింపజేయాలని కూడా ఆదేశించారు. పింఛను ఇవ్వాలంటే మళ్ళీ పేరు రాయాలి, జాబితా కావాలి. ఒక జాబితాను కొట్టివేసిన కోర్టే ఇంకొక జాబితా అడిగినట్లయింది. ఇందులో వైరుధ్యం లేదని నా మనవి. మొదటి రిజిస్టరులో పేరు ఎక్కించినది ప్రభుత్వం, ఆ మనిషిని అడగకుండా. రెండవదానిలో తన హక్కు కోసం తానే వచ్చి పేరు ఇచ్చుకుంటారు. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎవరికి చూపారు అన్నదానిలోనే అంతా ఉన్నది.

కొందరు పెద్దలు ఇంకొక మాట అంటారు. కులం దాచుకుంటే కులం పోతుందా, ధైర్యంగా చెప్పుకుని పోరాడాలి కాని దాచుకోవడం దేనికి అని. ఈ మాటకు నేను అంబేద్కర్ గారి అనుభవం గుర్తు చేస్తాను. విదేశాలలో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆయనకు ఉండడానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగారు. కొద్దిరోజులకే సంగతి తెలిసి కర్రలు పట్టుకుని గుంపు వచ్చింది. ఆయన సామాను తీసుకుని బయటికి నడవవలసి వచ్చింది. ఇది ఆయనే రాసుకున్నారు. ఆ మహానుభావుడే తరువాత అందరి ఎదుట నిలబడి తన ప్రజల పక్షాన మాట్లాడారు. సత్రంలో దాచినవారూ ఆయనే, సభలో చెప్పినవారూ ఆయనే. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఆయనది. కర్రలు పట్టుకున్నవారిది కాదు. ఇవాళ్టికీ అద్దె ఇంటికి వెళితే "మీరేమిటండీ?" అని మెల్లగా అడిగే ఇళ్ళు మన వీధులలోనే ఉన్నాయి. అది కుశల ప్రశ్న కాదని అడిగినవారికీ తెలుసు, అడిగించుకున్నవారికీ తెలుసు.

ఇక రెండవ పక్షం కూడా చెప్పకపోతే నోటు ఫైలు సంపూర్ణం కాదు. గోప్యత పేరుతో బలహీనులను అణచిన సందర్భాలూ ఉన్నాయి. మొదటిది ఇల్లు. భార్యను కొట్టేవాడు ఎప్పుడూ చెప్పేమాట, ఇది మా నాలుగు గోడల మధ్య విషయం అని. 2005లో గృహహింస చట్టం వచ్చేదాకా చాలామంది ఆఫీసర్లూ ఆ మాటకే తల ఊపారు. కాని గోప్యత గోడలకు ఉండేది కాదు, ఆ గోడల మధ్య ఉన్న ప్రతి మనిషికీ విడివిడిగా ఉండేది. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి గారు ఈ మాటే చెప్పారు. ఇష్టంలేని స్త్రీని భర్తతో కాపురానికి వెళ్ళమని డిక్రీ ఇచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షను చెల్లదన్నారు. ఆమె శరీరం మీద నిర్ణయం ఆమెదే, అది ఆమె గోప్యత అన్నారు. మరుసటి సంవత్సరం వేరొక కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. అయినా గోప్యతను ఒక స్త్రీ పక్షాన నిలబెట్టిన తీర్పు మన హైకోర్టునుండి వచ్చిందని మనం గుర్తుంచుకోవాలి.

రెండవది ఆఫీసు. పేదవాని పేరుతో దొంగ మస్టర్లు రాసి, అడిగితే ఇది రహస్య పత్రం అన్నవారిని మనం చూశాం. 1994లో రాజస్థాన్‌లో కూలీలు, రైతులు ఊరి మధ్య కూర్చుని మస్టరు రోల్సు పైకి చదివించారు. చనిపోయినవారు పనికి వచ్చినట్లు, కట్టని కట్టడం కట్టినట్లు బయటపడింది. ఆ ఉద్యమమే 2005లో సమాచార హక్కు చట్టానికి దారి తీసింది. ఉపాధి హామీ పనులపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి సామాజిక తనిఖీలు జరిగాయి. గ్రామసభలో పేర్లు చదివారు, ఎంత కూలి అందిందో అడిగారు. అక్కడ పేరు పైకి చదవడం వల్లనే పేదవాని కూలి నిలబడింది.

అయితే నా జాబితాలో చదివితే తప్పు, ఆ జాబితాలో చదివితే ఒప్పా అని మీరు అడగవచ్చు. మస్టరులో ఉన్నది ప్రభుత్వం చేసిన పని, ఇచ్చిన డబ్బు. దానికి జవాబు చెప్పవలసినవాడు అధికారి. నా రిమార్కుల కాలమ్‌లో ఉన్నది ఒక ఆడమనిషి బ్రతుకు. దానికి ఆమె ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. ప్రభుత్వం లెక్క తెరిచి ఉండాలి, పేదవాని బ్రతుకు మూసి ఉండాలి. మనం చాలాకాలం దీన్ని తలక్రిందులుగా నడిపాం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజును మార్చారు. ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని ఆ క్లాజులో ఉన్న మాట తీసివేశారు. 8(2) సెక్షను మిగిలి ఉన్నందుకు సంతోషమే. కాని "వ్యక్తిగత సమాచారం" అని ఒక్క ముక్క రాసి దరఖాస్తును తిప్పి పంపడం ఎంత సులువో గుమాస్తాగా పనిచేసిన నాకు బాగా తెలుసు. బలహీనుని కోసం పుట్టిన కవచాన్ని బలవంతుడు తొడుక్కోకుండా చూడాలి.

న్యాయస్థానాలు ఈ విషయంలో చాలా దూరం నడిచి వచ్చాయి. 1962లో ఖరక్ సింగ్ కేసు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన మనిషి ఇంటికి పోలీసులు రాత్రిళ్ళు వెళ్ళి తలుపు కొట్టేవారు. రాత్రి సోదాలు చెల్లవని కోర్టు అన్నది కాని, గోప్యత మన రాజ్యాంగంలోని హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తుల అభిప్రాయం. అప్పుడు విడిగా నిలబడి, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమే అని రాసినవారు మన రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. ఆయన మాట నెగ్గడానికి 55 ఏళ్ళు పట్టింది.

నెగ్గించినది ఎవరనుకుంటున్నారు? మనవలె ఒక పింఛనుదారు! కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా రిటైరైన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి గారు. 1990లలో మన రాష్ట్ర వెనుకబడిన తరగతుల కమిషనుకు అధ్యక్షులుగా పనిచేసినవారు. ఆధార్ విషయమై 2012లో, తమ 86వ ఏట, సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పారు. గోప్యత కలిగినవారి ముచ్చట, పేదలకు కావలసింది తిండి అన్న వాదన కూడా అక్కడ వచ్చింది. కోర్టు ఒప్పుకోలేదు. మరుసటి ఏడు ఆధార్ చట్టాన్ని సంక్షేమ పథకాల మేరకు నాలుగు-ఒకటి మెజారిటీతో సమర్థిస్తూనే, ప్రైవేటు కంపెనీలు దాన్ని వాడుకోవడానికి వీలిచ్చిన భాగాన్ని కొట్టివేశారు. పుట్టస్వామి గారు 2024లో కీర్తిశేషులయ్యారు. ఆ వయసులో ఇక మనకెందుకులే అనుకోలేదు. అందుకు వారికి మన నమస్కారం.

గోప్యత ఒక్కటే బలహీనులను కాపాడుతుందని నేను చెప్పడంలేదు. భూమి కావాలి, చదువు కావాలి, చట్టం అమలు కావాలి. కాని గోప్యత లేకపోతే ఇవి చేతికి వచ్చి కూడా జారిపోతాయి. స్థలం రాసి ఉన్నా ఆమె తీసుకోలేకపోయింది కదా.

చివరగా మన సంఘానికి నాలుగు సూచనలు చేస్తాను.

ఒకటి. వైద్య సహాయం పొందిన సభ్యుల జాబితా మన వార్తాలేఖలో వేస్తున్నాం. అందులో జబ్బు పేరు వేయవద్దు. సభ్యత్వ సంఖ్య, ఇచ్చిన మొత్తం వేస్తే లెక్కకు సరిపోతుంది. క్షయ అనీ, హెచ్.ఐ.వి. అనీ, మానసిక వ్యాధి అనీ అచ్చులో వస్తే ఆ ఇంట్లో పెళ్ళికి ఉన్న పిల్లల సంగతి ఆలోచించండి.

రెండు. వితంతువులైన, విడాకులు పొందిన కుమార్తెలు ఫ్యామిలీ పెన్షను కోసం మన సహాయం అడుగుతున్నారు. వారి కాగితాలు కార్యదర్శిగారు, ఇంకొకరు చూస్తే చాలు. కమిటీ మీటింగులో చర్చకు పెట్టవద్దు. భర్త ఎందుకు విడిచాడన్నది మన అజెండాలోని అంశం కాదు.

మూడు. మన వాట్సప్ గ్రూపులో సభ్యుల ఆధార్ కార్డులు, ఆసుపత్రి కాగితాలు సహాయం కోసమని పంపుతున్నారు. ఉద్దేశం మంచిదే. నాది కూడా మంచి ఉద్దేశమే అని మనవి చేశాను. దయచేసి ఆపండి.

నాలుగు. సంఘం జమాఖర్చులు మాత్రం ఆఖరి రూపాయిదాకా బోర్డుమీద పెట్టండి. ఆ కాగితం ఎన్నాళ్ళు ఉన్నా ఎవరికీ నష్టం లేదు.

మన పిల్లలు, మనుమలు కొందరు సర్వీసులో ఉన్నారు. వారికి కూడా చెప్పండి. జాబితా తయారుచేసేటప్పుడు ప్రతి కాలమ్ దగ్గరా ఒక్క క్షణం ఆగి, ఇది ఎవరికి కావాలి, దేనికి కావాలి, ఎన్నాళ్ళు కావాలి అని అడగమనండి. కంప్యూటరులో పెడితే ఎనిమిది రోజులకు జిగురు గీకి తీసివేయడం కూడా కుదరదు.

ఇంతసేపు ఆమె గురించి చెప్పాను కాని ఆమె పేరు, ఊరు, మండలం చెప్పలేదు. మీరు గమనించే ఉంటారు. ముప్పై ఏళ్ళు దాటి ఆలస్యమైనా, ఆ కాలమ్ ఈ రోజు ఖాళీగా వదిలాను.